కోకిల ఒప్పజెప్పిన పాఠం

ఈ పొద్దు మా పక్కింటి కోకిలకు ఇంగ్లీషు నేర్పిస్తా ఉన్నాను. రేపు తిరువళ్లూరు ఫ్యాక్టరీలో దానికి ఇంటర్వ్యూ. లోపాలు చెప్పే మాటలు, 'మైనర్ డ్రాబ్యాక్', 'సీరియస్ డ్రాబ్యాక్' దాకా వచ్చినాం. అంతలో దాని మొగుడు తలుపు తన్నుకొని వచ్చి, "నీకు ఉద్యోగమా?" అని మూతి పగలగొట్టినాడు. నోటుబుక్కంతా నెత్తురు. రోకలి విసిరినాను, మోకాలికి తగిలి, కుంటుకుంటా పారిపోయినాడు.

వెనకే దాని అత్త మూర మల్లెపూలతో వచ్చింది. మా తిరుత్తణిలో మొగుడి దెబ్బలకు అదే మందు.

"కోపమొక్కటే వాడికి చిన్న లోపం. ఇంటికి రామ్మా."

కోకిల నెత్తురు తుడుచుకొని, "చిన్నది కాదత్తా, సీరియస్ డ్రాబ్యాక్" అనింది. పూలు ముట్టలేదు.

రేపు రైల్లో దానికి తోడు నేనూ పోతున్నాను. రోకలి సంచిలో పట్టదు, అదొక్కటే డ్రాబ్యాక్. చేతికి అమరేదేదైనా ఉంటే చెప్పండి.