వదిన కురిపించిన మంచు

పొద్దున్నే దుకాణం తలుపు పైకెత్తగానే వదిన వెళ్లి, చూపు పరీక్షకు వచ్చేవాళ్లు కూర్చునే ఎత్తు కుర్చీలో తానే కూర్చుంటుంది. ఎడమ కన్ను అరచేత్తో మూసి, ఎదుటి గోడమీది అక్షరాల పటంలో అట్టడుగు వరుస చదువుతుంది. తర్వాత కుడి కన్ను మూసి అదే వరుస మళ్లీ చదువుతుంది. నిద్రలో లేపి అడిగినా తడుముకోకుండా అప్పజెప్పగల వరుస అది.

"కంఠతా వచ్చినదానికి పరీక్షేమిటే?" అంటాడు భర్త, లోపలి గదిలో దీపం వేస్తూ.

"అక్షరాల్ని కాదండీ, వాటి అంచుల్ని చూస్తున్నా. అంచు చెదిరిన రోజున మీకే చెప్తాను. నాకూ ఓ జత చేసిపెడుదురు గాని."

మరిది పిలిచే పిలుపునే పట్టుకుని వీధి వీధంతా ఆమెను వదిన అంటుంది. ఎదురు దుకాణం టైలరు ఆమెకన్నా పదేళ్లు పెద్ద. ఆయనకూ ఆమె వదినే.

కళ్లద్దాల దుకాణం వాళ్లది. ముందు గదిలో వదిన చూపు పరీక్ష చేసి కార్డు రాస్తుంది. వెనక ఇరుకు గదిలో భర్త యంత్రం ముందు కూర్చుని అద్దాలు అరగదీస్తాడు. యంత్రం మీద సన్నగా నీళ్లు కారుతూనే ఉంటాయి. అదే గదిలో కిటికీ పక్కన మరిది ఫ్రేము కాడల్ని వేడిగాలికి మెత్తబరిచి, వచ్చినవాళ్ల చెవులకు తగినట్టు వంచుతాడు. అన్న అద్దం చేస్తే తమ్ముడు దాన్ని ముఖం మీద నిలబెడతాడు. ఇద్దరిలో ఒకరు రాకపోతే రెండోవాడి పని సగంలోనే ఆగిపోతుంది.

అన్నదమ్ములకు ఒక ఆట పిచ్చి ఉంది. పాత పుస్తకాల కొట్లో దొరికిన పెట్టె, యుద్ధపు ఆట. నది, రెండు వంతెనలు, కొండలు గీసిన అట్టలు మూడు. ఒక్కొక్కరికి పన్నెండు చెక్క పావులు, ఒక జెండా. ఎదుటివాడి సైన్యం ఎక్కడుందో కనబడకుండా ఇద్దరి మధ్యా ఒక నిలువు అడ్డు. మూడో అట్ట అంపైరుది. దానిమీద ఇద్దరి పావులూ ఉంటాయి. "నీకు కుడి వంతెన దగ్గర ఇద్దరు కనబడుతున్నారు", "నీకు ఎవరూ కనబడటం లేదు" అని ప్రతి ఎత్తుకూ చెప్పాల్సింది అంపైరే.

మూడో మనిషి దొరక్క ఆ పెట్టె చాలాకాలం అటక మీదే ఉండిపోయింది. పెళ్లిచూపుల్లో పెళ్లికూతురికి వంట వచ్చా, పాట వచ్చా అని కాక, నోరు జారకుండా ఉండగలదా అని అడిగారట అన్నదమ్ములు. "నాకు నోరుందన్న సంగతి మా వాళ్లకే గుర్తుండదు" అని ఆమె అన్నదట. పెళ్లయిన రెండో ఆదివారం ఆమెను అంపైరు కుర్చీలో కూర్చోబెట్టారు.

ఆ ఆటలో మంచు అని ఒక నియమం ఉంది. ప్రతి విడతకూ అంపైరు చేతి చాటున పాచిక వేస్తుంది. ఆరు పడితే నదిమీద మంచు కురిసినట్టు. ఆ విడత ఎవరికీ ఎవరూ కనబడరు. ఓడిపోయేవాడు తప్పించుకోవడానికైనా, తెగించినవాడు వంతెన దాటడానికైనా అదే అదను. పాచిక మీద ఎంత పడిందో అంపైరుకు తప్ప మరెవరికీ తెలియదు.

మొదటి ఏడాదే మరిది వరసగా నాలుగు ఆదివారాలు ఓడిపోయాడు. నాలుగో ఆటలో అన్న ఏదో వెక్కిరించాడు, తమ్ముడు పావులు అట్ట మీద కుప్పపోసి వెళ్లిపోయాడు. అప్పటికతను పెళ్లికాక, రెండు వీధుల అవతల ఒక గది అద్దెకు తీసుకుని ఉండేవాడు. సోమవారం పనికి రాలేదు. మంగళవారం రాలేదు. వదిన వెళ్లి తలుపు కొడితే తియ్యలేదు. మొత్తం తొమ్మిది రోజులు. దుకాణంలో అద్దాలు తయారై, ఫ్రేములెక్కక వరసగా పేరుకుపోయాయి. "వాడి దారి వాడు చూసుకుంటాడేమో" అన్నాడు భర్త ఓ పూట, అన్నం కలుపుతూ. ఆ ముక్క వదిన గుండెల్లో రాయిలా పడింది.

పదో రోజు మరిది ఏమీ జరగనట్టే వచ్చి పనిలో కూర్చున్నాడు. ఆ ఆదివారం ఆటలో అతని జెండా చిక్కబోతుండగా వదిన పాచిక వేసింది. రెండు పడింది. "మంచు" అంది.

అలా మొదలైంది. వరసగా రెండుసార్లు ఎవరు ఓడితే మూడోసారి వాళ్లకు కలిసొచ్చేలా మంచు కురిసేది. తమ్ముడికి కొన్నిసార్లు, అన్నకు కొన్నిసార్లు. ఇరవై ఆరేళ్లపాటు ఆ నదిమీద మంచుకు కొదవ లేదు. పదకొండేళ్ల కిందట అలాంటి ఒక మంచులోనే భర్త తన గుర్రపు పావుల్ని ఎడమ వంతెన దాటించి తమ్ముడి జెండా పట్టేశాడు. కళ్లద్దాలు తీసుకెళ్లడానికి వచ్చిన ప్రతివాడూ ఆ కథ విన్నాకే కదలాలి. ఆయన చెబుతున్నంతసేపూ వదిన తేలుకుట్టిన దొంగలా కార్డులు సర్దుకుంటూ ఉండేది.

ఈమధ్య ఒకరోజు మరిది కూతురు, కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్ల, ఒక టాబ్లెట్ పట్టుకుని వచ్చింది.

"నాన్నా, పెదనాన్నా, మీ ఆట ఇందులోకి వచ్చేసింది! అదే నది, అవే వంతెనలు. ఒకరికి ఇది, ఇంకొకరికి నా ఫోను. అడ్డు అక్కర్లేదు. అంపైరూ అక్కర్లేదు. పెద్దమ్మా, నీకు సెలవు!"

వదినకు ముందు ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే భయం పట్టుకుంది. యంత్రానికి మొహమాటం లేదు. ఓడేవాణ్ని ఓడనిస్తుంది.

ఆ ఆదివారం ఆట రెండు గంటలు నడిచింది. మంచు మూడేసార్లు కురిసింది. మరిది టాబ్లెట్‌ను వెనక్కీ ముందుకీ తిప్పి చూశాడు.

"ఇదేదో పాడైంది. మంచే పడటం లేదు."

"పడింది కదరా మూడుసార్లు" అన్నాడు భర్త.

"మూడు మంచులు ఒక ఆటా? వదిన చేతిలో పదేసి పడిన ఆటలెన్ని లేవు?"

"అదీ నిజమే" అని ఒప్పుకున్నాడు భర్త. "అమ్మడూ, దీన్ని చేసినవాళ్లకి రాయి. మంచులో లోపం ఉందని రాయి."

ఆ పిల్ల నవ్వుతూనే రాసి పంపింది. మూడు వారాలకు జవాబొచ్చింది. ఆదివారం అందరూ ఉండగా పైకి చదివింది. "మా పాచికను మళ్లీ పరీక్షించాం. తేడా కనబడలేదు. మీ దగ్గర పాత అట్ట ఆటల వివరాలుంటే ఫొటోలు పంపండి, పోల్చి చూస్తాం."

"లేకేం!" అని మరిది తన బల్ల కింది నుంచి ఒక రేకు డబ్బా లాగాడు. పాత చూపు కార్డుల వెనక వైపున ఇరవై ఆరేళ్ల ఆటలు, ఎత్తు ఎత్తూ రాసి ఉన్నాయి. మంచు పడిన చోటల్లా ఒక సున్నా చుట్టి ఉంది. రాయడమే గాని అతను ఏనాడూ వాటిని లెక్కపెట్టి చూడలేదు.

"రేపు సాయంత్రం వచ్చి ఫొటోలు తీస్తాను" అంది ఆ పిల్ల. "సున్నాలన్నీ కూడి పంపిద్దాం."

వదిన ఆ రేకు డబ్బా వంక చూసింది. ఆ సున్నాలు కూడితే చాలు, మంచు పాచిక వల్ల పడేదో మనిషి వల్ల పడేదో చిన్నపిల్లలకు కూడా అర్థమవుతుంది. ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్లు ఉత్తరం రాసి చెప్పాక బయటపడితే ఇంకేమైనా ఉందా? తమ్ముడు మళ్లీ తలుపేసుకుంటాడు. అన్న ఇక ఎడమ వంతెన ఊసెత్తడు. దుకాణం రెండు ముక్కలవుతుంది.

మర్నాడు భోజనాల వేళ వచ్చేవాళ్లు పలచబడ్డాక ఆమె వెనక గది గుమ్మంలో నిలబడింది.

"మంచు నేనే వేశాను" అంది.

"ఎప్పుడు?" అన్నాడు మరిది, కాడ వంచుతూ.

"చాలాసార్లు. పాచిక మీద రెండు పడినా, మూడు పడినా, కావాలనుకుంటే మంచనే చెప్పేదాన్ని."

భర్త యంత్రం ఆపాడు. నీళ్లు మాత్రం కారుతూనే ఉన్నాయి.

"ఎవరికోసం?"

"వరసగా రెండుసార్లు ఎవరు ఓడితే వాళ్లకోసం."

"అంటే నాకూనా?" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

"ఇద్దరికీ."

భర్త కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడవసాగాడు. అద్దాల్ని చొక్కాతో తుడవకూడదని రోజుకు పదిమందికి చెప్పే మనిషి. "ఎడమ వంతెన దగ్గర..." అన్నాడు.

ఆమె తలూపింది.

"అసలెందుకు వదినా?" అన్నాడు మరిది. "నీకంత అవసరం ఏమొచ్చింది?"

"ఎందుకా? మొదటి ఏడాది నువ్వు నాలుగు ఆటలు ఓడి తొమ్మిది రోజులు తలుపేసుక్కూర్చున్నావు. మళ్లీ అలా అయితే మీరిద్దరూ విడిపోతారని భయమేసింది."

"ఏ తొమ్మిది రోజులు?" అన్నాడు మరిది. అంతలో చెయ్యి దానంతటదే దవడ మీదికి వెళ్లింది. "ఓరి దేవుడా, అదా! అది పన్ను వదినా!"

"పన్నేమిట్రా?" అన్నాడు భర్త.

"పళ్లతో సీసా మూత తీస్తానని నీతో పందెం వేయలేదూ? గదికి పోయి ముందుగా ఒకటి ప్రయత్నించి చూశాను. పన్ను సగానికి విరిగింది. తెల్లారేసరికి దవడ ఇంత వాచింది. డాక్టరంటే భయం, నువ్వు వెక్కిరిస్తావని ఇంకా భయం."

"మరి నేనొచ్చి తలుపు కొడితే పలకలేదేం?" అంది వదిన.

"నోరు తెరుచుకుంటే కదా పలకడానికి! ఎలాగూ అలిగాననుకుంటున్నారు కదా అని ఊరుకున్నా. అలిగాడంటే మర్యాదగా ఉంటుంది. పన్ను విరగ్గొట్టుకున్నాడంటే వీధంతా నవ్వుతుంది."

వదినకు నవ్వొచ్చింది. గుమ్మానికి చేరగిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. ఒక్క పన్ను కోసం ఇరవై ఆరేళ్లు మంచు కురిపించింది తను! ఆమె నవ్వు చూసి మరిది నవ్వాడు. భర్త మాత్రం కళ్లద్దాలు పెట్టుకుని అంపైరు వంక సూటిగా చూశాడు.

"మంచు నువ్వు కురిపించావు, సరే. ఆ మంచులో గుర్రాల్ని ఎడమ వంతెన మీదికి తోలిందెవరు? నువ్వా?"

"లేదండీ. మీరే."

"కుడి వంతెన మీదికి తోలి ఉంటే?"

"వీడి కాల్బలం అక్కడే కాచుకుని ఉంది. ఒక్కటీ మిగిలేది కాదు."

"మరి!" అని ఆయన యంత్రం మళ్లీ తిప్పాడు. "వినబడిందిరా తమ్ముడూ?"

"వినబడింది. ఇంక ఆ కథలో మా వదిన పేరు కూడా కలుపు. నాకు విని విని విసుగేసింది, కొత్తగానైనా ఉంటుంది."

సాయంత్రం వచ్చిన పిల్ల సంగతంతా విని, రేకు డబ్బా మూత పెట్టేసి, కంపెనీకి ఒక్క వాక్యం రాసింది. "తప్పు మీ పాచికది కాదు, మా పెద్దమ్మది, మన్నించండి."

ఆ తర్వాతి ఆదివారం టాబ్లెట్ మీద మరిది ఓడిపోయాడు. ఆ పై వారం కూడా. సోమవారం పొద్దున భర్త వెళ్లిన వెంటనే వదిన కూడా కొంచెం ముందుగానే బయల్దేరింది. ఎంత కాదనుకున్నా మరిది పనికి వస్తాడో రాడోనని బెదురు. వీధి మలుపు తిరిగేసరికి దుకాణం తలుపు అప్పటికే తెరిచి ఉంది. తలుపులోంచి చూస్తే, వెనక గది కిటికీ పక్కన మరిది, ఓ చేత్తో ఫ్రేము పట్టుకుని, రెండో చేత్తో అన్నకు టాబ్లెట్ చూపిస్తూ అరుస్తున్నాడు.

"చూడు, చూడన్నయ్యా! పదిహేడో ఎత్తు దగ్గర మంచు పడాలా వద్దా నువ్వే చెప్పు! దిక్కుమాలిన యంత్రం, కనికరమన్నది లేదు!"

"ఏడ్చావులే. ఆ కాడ మాడిపోతోంది, ముందది చూడు" అన్నాడు అన్న.

వదిన చప్పుడు చెయ్యకుండా ముందు గదిలోకి వెళ్లి ఎత్తు కుర్చీలో కూర్చుంది. కాసేపు ఏ కన్నూ మూసుకోకుండా ఊరికే కూర్చుంది.

అన్నదమ్ములు ఇప్పటికీ వారం వారం ఆడుతున్నారు. అన్న గెలిచినవే ఎక్కువ. వదినకు యాభై రెండేళ్లు. ఆదివారం మధ్యాహ్నం గది తలుపు దగ్గరగా వేసుకుని రెండు గంటలు నిద్రపోతుంది.