బియ్యం బస్తాకి దక్కిన బాత్రూం

ముక్కుకీ మూతికీ గుడ్డ కట్టుకుని, లిఫ్టులో ఇంకో మనిషి కనబడితే గోడవైపు తిరిగి నిలబడ్డ కాలం అది. నేను దుబాయ్ శివార్లలోని జెబెల్ అలీలో ఒక ఫ్యాక్టరీలో కొత్తగా చేరిన కుర్ర ఇంజనీరుని. మూతబడ్డ దేశం మళ్లీ తెరుచుకునేసరికి ఒక్కొక్కరికీ ఒక్కో పిచ్చి పట్టుకుంది. ఒకడు రొట్టెలు కాల్చాడు, ఒకడు గడ్డం పెంచాడు, నేను సైకిల్ కొన్నాను. (ఇప్పుడు నా పొట్ట చూసినవాళ్లు నమ్మరు. పొట్ట అప్పుడూ ఉండేది, కాకపోతే దానికి ఆశయాలుండేవి.) అంతటితో ఊరుకోకుండా, సైకిల్ మీద జెబెల్ జైస్ కొండ ఎక్కేస్తానని ఆఫీసంతా చాటింపు వేశాను. మా ముదీర్, అంటే మేనేజరు, ఈజిప్టాయన. నా పొట్టవైపు జాలిగా చూసి, "హబీబీ, ఆదివారం ఆఫీసు తెరవగానే కొండ మీద నీ సైకిల్‌తో దిగిన ఫోటో చూపించు. లేదా ఇక్కడ సైకిల్ మాట ఖలాస్" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఎలాగైనా ఎక్కి తీరాలనుకున్నాను.

సరిగ్గా ఆ వారమే మా అక్క మొగుడు, అంటే మా బావ, కారవాన్ అద్దెకి తీసుకున్నాడు. మనవాళ్లకి కారవాన్ అంటే షూటింగుల్లో హీరోలు కూర్చునే బండి కదా, అదే. బావ వాళ్లమ్మగారు, మా అత్తయ్యగారు, కొడుకుని చూడటానికని కాకినాడ నుంచి వచ్చి, విమానాలు ఆగిపోవడంతో దుబాయ్ ఫ్లాటులో ఇరుక్కుపోయారు. నెలల తరబడి ఆవిడ చూసింది ఎదుటి బిల్డింగు ఏసీ డబ్బాలే. చివరికి టికెట్టు దొరికింది. వెళ్లేలోగా అమ్మకి ఎడారీ, సముద్రమూ, కొండా చూపించాలని బావ తాపత్రయం. ఆవిడకి షుగరు, మాటిమాటికీ బాత్రూంకి వెళ్లాలి. బాత్రూం ఉన్న బండి తీసుకోవడానికి కారణం అదొక్కటే. కొండ ఎలాగూ దారిలోనే ఉందని నా సైకిల్‌ని వెనకాల కట్టారు.

బండి ఇచ్చిన మలయాళీ ఆయన లోపల ఒక్కో తలుపూ తెరిచి, "దేఖో భాయ్‌సాబ్, టాయిలెట్ ఏక్‌దమ్ నయా, కోయీ యూజ్ నహీ కియా" అని, ఇంతవరకూ ఎవరూ వాడని ఆ బాత్రూం చూపించి మురిసిపోయాడు. అత్తయ్యగారు పొయ్యి చూశారు. పొయ్యిని ఆనుకుని ఉన్న ఆ తలుపు చూశారు. పొయ్యి పైన అక్క అప్పుడే నిలబెట్టిన వెంకటేశ్వరస్వామి పటం చూశారు.

"ఏవిట్రా ఇది? పొయ్యి పక్కన పాయిఖానా?"

"మధ్యలో గోడ ఉందమ్మా. వాసన రాదు" అన్నాడు బావ.

"వాసన మాట కాదురా. వంట చేసే చోట, దేవుడి ముందర ఆ పనా! నా కంఠంలో ప్రాణం ఉండగా కుదరదు."

"దానికోసమే కదమ్మా ఈ బండి తీసుకుంది!" బావ గొంతు కీచుమంది.

"వాడితే పాయిఖానా. వాడకపోతే కొట్టుగది" అని తేల్చేశారావిడ. లోపల పసుపునీళ్లు చల్లించి, కమోడ్ మీద చెక్క పరిపించి, దాని మీద పాతచీర కప్పించి, బియ్యం బస్తా, కుక్కరు, ఆవకాయ జాడీ సర్దించారు. అక్క గబగబా జాడీ మూత బిగించి అందించింది. (ఎప్పుడు నోరు విప్పకూడదో కోడళ్లకి బాగా తెలుసు.)

ఇక చూడండి మా తిప్పలు. ఎడారిలో ఇసుక దిబ్బ పక్కన బండి ఆపి, పందిరి గుడ్డ లాగి, కుర్చీలు వేసుకుని, టీ కప్పు నోటి దాకా తెచ్చుకునేసరికి, "ఒరేయ్, ఒకసారి బంకు దాకా వెళ్లాలిరా" అనేవారు. పందిరి ముడిచి, కుర్చీలు మడిచి, ఇల్లు మొత్తం పెట్రోలు బంకులోని బాత్రూంకి బయల్దేరేది. తిరిగొచ్చి మళ్లీ పందిరి లాగితే టీ చల్లారిపోయి, అందులో ఇసుక తేలుతూ ఉండేది. ఫుజైరా సముద్రం దగ్గరా అదే వరస. అక్కడి కోట చూద్దామని బయల్దేరిన ప్రతిసారీ పెట్రోలు బంకే చూశాం. అక్కడ పనిచేసే జగిత్యాల అన్న అయితే మా బండిని దూరం నుంచే గుర్తుపట్టి, "ఏందన్నా, మళ్ల అచ్చిన్రా? పెట్రోల్ కొట్టాల్నా, అమ్మ కోసమేనా?" అని అడగడం మొదలుపెట్టాడు. అత్తయ్యగారు మాత్రం అతని ఇంటి సంగతులన్నీ కనుక్కుని, ఆవకాయ కూడా ఇచ్చి వచ్చారు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

మూడోనాడు తెల్లారకముందే కొండ మొదలుపెట్టాలని నా లెక్క. దారిలో కనిపించిన బంకులన్నీ పలకరించుకుంటూ చేరేసరికి ఎండెక్కిపోయింది. పైగా, "కొండెక్కేవాడివి, ఖాళీ కడుపుతో పంపిస్తే మీ అమ్మ నన్నంటుంది" అంటూ అత్తయ్యగారు పెరుగన్నంలో ఆవకాయ వేసి గిన్నెడు తినిపించారు. సైకిలెక్కాను. వెనకాలే మా కారవాన్, లైట్లు మిణుక్కుమనిపిస్తూ, నా అంత నెమ్మదిగా పాక్కుంటూ వచ్చింది. దాని వెనక ఇరుక్కున్న కార్లన్నిటిదీ హారన్ల మోత. కిటికీలోంచి ఆవిడ కేకలు: "అబ్బాయ్! అటు లోయ ఉంది, ఇటు జరుగు! ఇంకాస్త పెరుగన్నం తింటావా?" తోటి సైకిలిస్టులు నన్ను దాటిపోతూ తొంగితొంగి చూశారు. సిగ్గుతో చచ్చిపోయాను.

కొండ సగానికొచ్చేసరికి ఆవకాయ తన పని మొదలుపెట్టింది. సైకిల్ ఆపి, కడుపు పట్టుకుని వంగిపోయాను. ఒక పక్క రాయి, ఒక పక్క లోయ. చాటుకి పొద కూడా లేదు.

"ఏవైందిరా, మొహం అలా పాలిపోయింది?" అన్నారు అత్తయ్యగారు.

"అత్తయ్యగారూ... బంకు..."

"కొండ మీద బంకెక్కడిదిరా బామ్మర్దీ!" అని బావ నెత్తి కొట్టుకున్నాడు.

ముగ్గురం ఆవిడ వైపు చూశాం. ఆవిడ దేవుడి వైపు చూశారు, నా వైపు చూశారు. పటం తీసి కొంగులో చుట్టుకుని బండి దిగిపోయారు. "అమ్మాయ్, బస్తా బయట పెట్టు. పిల్లాడి ప్రాణం కంటే మడి ఎక్కువా?" అన్నారు. బియ్యం, కుక్కరు, జాడీ అన్నీ కొండ రోడ్డు పక్కన బారులు తీరాయి. ఎవరో ఆగి వాటిని ఫోటో కూడా తీసుకున్నారు. ఆవిడ స్వామివారికి లోయ చూపిస్తూ అటు తిరిగి నిలబడ్డారు.

బయటికొచ్చాక సైకిలెక్కబోయి ఒక్క తొక్కు కూడా తొక్కలేకపోయాను. రోడ్డు పక్కన కూలబడి, నిజంగానే ఏడ్చేశాను. ఆఫీసులో మొహం ఎలా చూపించను?

"అంత ముఖ్యమా నీకీ కొండ?" అని అడిగారు అత్తయ్యగారు.

"ముఖ్యమే."

"అయితే పద. బండెళ్లే దాకా బండిలో వెళ్దాం. ఆ పైన నాకూ చేతికర్ర కావాలిగా, నీ సైకిలుందిగా."

చివరి మలుపు నుంచి ఆవిడ హ్యాండిల్ పట్టుకుని బరువు దాని మీద వేస్తే, నేను సీటు పట్టుకుని తోశాను. మూడడుగులకోసారి ఆగుతూ ఎక్కాం. ఎండగా ఉందని నా హెల్మెట్టు ఆవిడే పెట్టుకున్నారు. పైకెళ్లి, మడతలు మడతలుగా ఉన్న కొండల్ని చూసి హెల్మెట్టు కాస్త వెనక్కి నెట్టుకున్నారు. "ఇదంతా ఇక్కడే ఉందా? నేను ఆ ఏసీ డబ్బాలు చూస్తూ కూర్చున్నన్నాళ్లూ?" అన్నారు. ఆ క్షణంలోనే అక్క ఫోటో తీసింది. హెల్మెట్టూ, నేతచీరా, సైకిల్ పట్టుకుని ఠీవిగా ఆవిడ. అంచున నా మోచెయ్యి.

ఆదివారం ముదీర్ ఆ ఫోటో పట్టుకుని, "మాషా అల్లా! సైకిలుంది, కొండుంది. నువ్వెక్కడ హబీబీ?" అన్నాడు. మోచెయ్యి చూపించాను. ఖలాస్. కాకినాడలో మాత్రం, దుబాయ్‌లో సైకిల్ తొక్కి కొండెక్కిన మనిషిగా అత్తయ్యగారి పేరు మారుమోగిపోయింది. ఆవిడ కాదనలేదు.

రెండు చలికాలాల తర్వాత అదే కొండ ఒంటరిగా, పూర్తిగా తొక్కి ఎక్కాను. వెనక హారన్లు లేవు, కేకలు లేవు. అయినా ప్రతి మలుపులోనూ వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాను. పైకెళ్లాక ఆయాసంతోనే ఆవిడకి ఫోన్ చేశాను. "ఎక్కేశాను అత్తయ్యగారూ! ఈసారి మొత్తం నేనే!"

"సంతోషం నాయనా. ముందు ఆ పక్కన బాత్రూం ఎక్కడుందో చూసుకున్నావా?"

నవ్వొచ్చింది, ఆవిడ పక్కన లేనందుకు దిగులూ వేసింది. కింద మెలికలు తిరిగిన రోడ్డంతా కళ్లతో వెతికాను. లైట్లు మిణుక్కుమనిపిస్తూ మా కారవాన్ ఎక్కడా రావడం లేదు.