పక్క కుట్టు

చైతన్యపురిలో టీచర్ పోస్టుల కోచింగ్ మానేసి స్పెషల్ ఎడ్యుకేషన్ డిప్లొమాలో చేరానని చెబితే, నల్గొండ దగ్గర మా ఊళ్లో ఎవరికీ అర్థం కాలేదు. మేధో వైకల్యం ఉన్నవాళ్లతో పని అంటే నీకు ఓపిక ఎక్కువ కదా, సరిపోతావులే అన్నాడు నాన్న. నాకు ఓపిక ఎక్కువేం కాదు. కానీ ఈ పని నాకు వస్తుందని చేరిన కొద్దిరోజులకే తెలిసిపోయింది.

ప్రాక్టికల్స్‌కి ఎల్బీ నగర్‌లో ఒక సెంటర్‌కి పంపారు. వయసొచ్చిన వాళ్లు పగలంతా అక్కడ కాగితం కవర్లు చేసి సాయంత్రం ఇళ్లకు పోతారు. నాకు అప్పగించినామెకు ముప్పై ఏళ్లుంటాయి. నాకన్నా పెద్దది కాబట్టి అక్కా అని పిలిచేదాన్ని. ఎప్పుడైనా ఒక మాట, రెండు మాటలు, అంతే మాట్లాడుతుంది. కుడిచేతి గుప్పిట్లో ఎప్పుడూ ఒక చేతిరుమాలు ఉండేది. తొడుక్కున్న కుర్తీని నడుము పక్కన, కుట్టు దగ్గర చింపేది. కొత్తదైనా అంతే. ఆ అలవాటు మాన్పించడమే నా పని.

మా డిప్లొమా టీచర్‌ది గుంటూరు వైపు. నా ప్లాన్ అంతా విని, అసలు ఆవిడ బట్టలు ఎవరు కొంటారో కనుక్కున్నావా అని అడిగింది. కనుక్కోలేదు. ఆ సాయంత్రమే వాళ్లమ్మను అడిగాను. ఆంటీ ఒక లేడీస్ హాస్టల్లో వంట చేస్తుంది.

"నేనే తెస్త బిడ్డా. దానికేం తెలుస్తది? ఏది తెచ్చినా తొడుక్కుంటది, మళ్లా చింపుతది" అంది.

ఈసారి అక్కను నేను షాపుకు తీసుకెళ్తానంటే ఆంటీ చాలాసేపు ఆలోచించి సరేనంది. బయల్దేరే ముందు టీచర్ నాకు ఒకే మాట చెప్పింది. "షాపులో అందరూ నిన్నే అడుగుతారు. నువ్వు జవాబు చెప్పకు. ఆవిడ వైపు చూడు, ఆగు."

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో దిగి మెయిన్ రోడ్డు మీదున్న ఒక రెడీమేడ్ షాపులోకి వెళ్లాం. సేల్స్‌గర్ల్ నన్ను చూసి, ఆమెకు ఏం సైజు మేడం అంది. నేను అక్క వైపు చూశాను. ఆ అమ్మాయి కూడా కాసేపు నా ముఖమూ అక్క ముఖమూ చూసి, చివరికి అక్కనే అడిగింది. ఎర్రది తీసింది. అక్క వద్దంది. పూలది తీసింది, వద్దు. కౌంటర్ మీద బట్టలు కుప్పపడుతున్నాయి, వెనకాల వాళ్లు తొందర పెడుతున్నారు. ఒకటి నేనే తీసి ఇచ్చేద్దామని చెయ్యి లేచింది. దించుకున్నాను.

అక్క కుర్తీల వైపు చూడటం లేదు. సేల్స్‌గర్ల్ యూనిఫాం కోటును చూస్తోంది. ఆ అమ్మాయి జేబులోంచి కొలతల టేపు తీసింది, మళ్లీ జేబులో పెట్టింది. అక్క చెయ్యి చాపి ఆ జేబు మీద పెట్టింది.

"ఇది" అంది.

"గిది అమ్మేది కాదక్కా, మా డ్రెస్సు" అంది ఆ అమ్మాయి, మెల్లగానే.

అప్పుడు అక్క తన కుర్తీకి పక్కన చిరిగిన చోట రుమాలున్న చెయ్యి మణికట్టు దాకా దూర్చింది. వేళ్లు వదిలేసరికి రుమాలు కింద పడింది. వంగి తీసుకుని మళ్లీ అక్కడే దూర్చబోయింది.

"జేబు కావాల్నా అక్కా?" అని అడిగింది ఆ అమ్మాయి.

"జేబు" అంది అక్క.

ముదురు నీలం రంగులో, రెండు పక్కలా జేబులున్నది ఒకటి దొరికింది. అక్క అక్కడే తొడుక్కుని రుమాలు లోపల పెట్టుకుంది. రెండు చేతులూ ఖాళీగా ఊపుకుంటూ ఆమె నడవడం నేను మొదటిసారి చూశాను. మెట్రో మెట్లు ఎక్కుతుంటే ఎవరికైనా చెప్పాలనిపించింది. రాత్రి నేనుండే హాస్టల్‌కు వెళ్లాక నాన్నకు ఫోన్ చేశాను.

ఆంటీకి అంతకుముందే, అక్కను దింపుతూ ఇంటి గుమ్మంలోనే చెప్పాను. నీలం కుర్తీ జేబు లోపల చెయ్యి పెట్టి చూసి, అక్కడే కూర్చుండిపోయింది.

"నేనేమో చింపినప్పుడల్లా గట్టిగ కుట్టుకుంట ఒచ్చిన" అంది.

మీ తప్పేం లేదాంటీ, మాక్కూడా ఎవరికీ తట్టలేదు అన్నాను. అది నిజమే. మరుసటి వారం ఆంటీ పాత కుర్తీలన్నీ సందులోని టైలర్‌కిచ్చి జేబులు వేయించింది. చింపడం పూర్తిగా ఆగలేదు. ఒకసారి అక్క జేబు లేని నైటీని మళ్లీ చింపింది. కానీ ఈసారి ఎందుకో ఇంట్లో అందరికీ తెలుసు.

అక్క ఇప్పుడు కవర్లు రెండు చేతులతో మడుస్తుంది. డిప్లొమా అయ్యాక నేను అదే సెంటర్‌లో ఉద్యోగంలో చేరాను. ట్రైనింగ్‌కు వచ్చే కొత్తవాళ్లను నా దగ్గరికే పంపుతున్నారు. నేర్పగలనన్న నమ్మకం నాకుంది.

మొన్న ఆంటీ అక్కను చెప్పులకు తీసుకెళ్లింది. షాపతను తననే అడిగితే, దాన్నే అడుగు, కాళ్లు దానివి అందట. అక్క తేల్చుకోవడానికి చాలాసేపు పట్టింది. హాస్టల్లో వంటకు ఆలస్యమవుతుందని ఆంటీ ఒకటే పరేషాన్. అయినా ఆగిందట.