క్రేను కింద కోనాం తలకాయ

మా యార్డులో క్రేను దింపే బరువు ఎంత మెత్తగా కూర్చుంటుందన్నది, ఆ పొద్దున్న నేనూ మా బావా ఎంత బాగా తిట్టుకున్నామన్న దాని మీద ఉంటుంది. ఈ సంగతి ఏ రూలు పుస్తకంలోనూ లేదు. అవి రాసేవాళ్ళు మా షెడ్డులో ఒక్క పూటైనా నిలబడితే కదా!

బావ అంటే చుట్టం కాదు. అతనిది సబ్బవరం దగ్గర పల్లె, నాది మల్కాపురం. అతను పైన కేబిన్‌లో కూర్చుని క్రేను నడుపుతాడు, నేను కింద నిలబడి వాకీటాకీలో దారి చెబుతాను. ఆ వాకీలో ఏళ్ళ తరబడి మా మధ్య ఒకటే కేసు. ఒకరోజు మా ఆవిడ కట్టిచ్చిన కేరేజీలో కోనాం చేప తలకాయ మాయమైంది. పులుసు ఉంది, ముక్కలున్నాయి, తలకాయ లేదు. ఆ సమయంలో షెడ్డులో ఉన్నది బావ ఒక్కడే.

"తలకాయ తినీసినావు కదేటి బావా? కొంచెం ఎడమకి రా."

"నాను తిన్లేదని ఎన్నిసార్లు సెప్పాలి? సాలా, ఇంకా రావాలా?"

"సాలు. దించు, దొంగ సచ్చినోడా."

ఇలా అనుకుంటూ ఉండగానే టన్నుల కొద్దీ ఇనుము వచ్చి, పాపాయిని పక్క మీద పడుకోబెట్టినట్టు దుంగల మీద కూర్చునేది.

అంతలో కొత్త రూలొచ్చింది. క్రేను నడిపేవాళ్ళంతా, ఎంత పాతవాళ్ళైనా సరే, బయటినుంచి వచ్చేవాళ్ళు పెట్టే పరీక్ష పాసవ్వాలి. రెండే ఛాన్సులు. తప్పితే కేబిన్ దిగి స్టోర్‌రూములో బోల్టులు ఏరుకోవడమే, మళ్ళీ పైకెక్కేది లేదు.

"ఆ పైన తప్ప నాకెక్కడా ఊపిరాడదు బావా," అన్నాడు టీ గ్లాసు పట్టుకుని. ఎప్పుడూ వెటకారం తప్ప ఎరగని మనిషి అలా అనేసరికి నా టీ కూడా అతని గ్లాసులోనే పోసేశాను.

మా సేఫ్టీ ఆఫీసరుకి మాత్రం భయమంతా మా నోళ్ళ గురించే. "రేపు వాకీలో ఒక్క పిచ్చి మాట వినబడిందో, ఇద్దరూ ఇంటికే! గారూ, అండీ అనుకోండి," అని పదేపదే చెప్పాడు.

పరీక్ష చూడటానికి తేలిక. అంచుదాకా నీళ్ళు నింపిన బకెట్టుని కొక్కేనికి తగిలించి, ఖాళీ డ్రమ్ముల మధ్య నుంచి తీసుకెళ్ళి, సుద్దతో గీసిన సున్నాలో దించాలి. నీళ్ళు ఒలకకూడదు. మా బావకి అదో లెక్కా? కానీ పరీక్ష పెట్టడానికి వచ్చిన మేడమ్, అతను పైకెక్కే ముందు ఆపి అడిగింది. "బకెట్టు ఊగితే ఊపు ఎలా ఆపుతారు? ముందు ఏ చెయ్యి కదుపుతారు?"

"అంటే మేడమ్... అది అటెల్తే నానూ అటే... కాదు, ముందు ఇటు..." అంటూ తన చేతులకేసి, అవి ఎవరివో అన్నట్టు చూసుకున్నాడు. అలా చూసుకుంటూనే నిచ్చెన ఎక్కాడు. కొంప మునిగిందనుకున్నాను.

"ఆపరేటర్ గారూ, దయచేసి కుడివైపు రండి," అన్నాను వాకీలో.

పైనుంచి "అలాగేనండి," అని వచ్చింది. ఛీ, ఆ గొంతు వింటే నాకే ఒళ్ళు జలదరించింది. ఫొటో తీస్తున్నారనగానే బిగుసుకుపోయే పెళ్ళికొడుకులా ఉంది క్రేను నడక. ఆగుతుంది, కుదుపుతుంది, మళ్ళీ ఆగుతుంది. రెండో డ్రమ్ము దగ్గర బకెట్టు ధన్‌మని తగిలింది. నీళ్ళు పారుకుంటూ వెళ్ళి మా సేఫ్టీ ఆఫీసరు బూట్లు కడిగాయి. అదొక్కటే ఆ పూట జరిగిన మంచి పని.

"నాకు సెయ్యి ఎటు తిప్పాలో తెలీట్లేదండి," అన్నాడు బావ. అంత ఏడుపులోనూ ఆ 'అండి' వదల్లేదు.

మళ్ళీ బకెట్టు నింపారు. ఇదే ఆఖరు. ఆఫీసరు నాకేసి గుడ్లురుముతున్నాడు. ఉద్యోగం పోతే పోనీ అనుకుని బటన్ నొక్కాను.

"ఒరే తలకాయల దొంగా!"

వెంటనే పైనుంచి వచ్చింది. "ఎవుడ్రా దొంగ?"

"నువ్వే. కుడికి రా. ఆ రోజు గెడ్డానికి పులుసు పూసుకుని దొరికిపోనావు."

"అది మా ఇంటి పప్పు! ఎడమకా?"

"ఎడమకే. పప్పు సేపల వాసనొస్తాదేటి?"

"నీ ముక్కుకేటి తెలుస్తాది, ఎదవ ముక్కు!"

బకెట్టు ఒకసారి ఊగింది. క్రేను దాని వెంటే చిన్న అడుగు వేసింది, ఊపు చచ్చిపోయింది. ఏ చెయ్యి ముందు కదిలిందో అతను చూసుకోలేదు, నన్ను తిట్టే పనిలో ఉన్నాడు. మూడో తిట్టు పూర్తయ్యేసరికి బకెట్టు సున్నా మధ్యలో కూర్చుంది. వంగి చూశాను. నీళ్ళలో షెడ్డు దీపం కదలకుండా ఉంది.

ఆఫీసరు పరుగున వచ్చి, "మేడమ్, వీళ్ళ మాటలు..." అని ఏదో మొదలెట్టాడు.

"నా వాకీ చార్జింగ్ అయిపోయింది. ఏం వినబడలేదు," అంటూ ఆవిడ పాసని సంతకం పెట్టింది. కారెక్కబోతూ నన్ను పక్కకి పిలిచి, "ఇంతకీ తలకాయ తిన్నదెవరు?" అని గుసగుసగా అడిగింది.

"కేసు నడుస్తోంది మేడమ్," అన్నాను.

బావ దిగొచ్చాడు. నన్ను గట్టిగా పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "ఇంక దాసలేను బావా. ఆ తలకాయ నానే తినీసినాను."

గబుక్కున అతని నోరు మూసేశాను. "నువ్వు తిన్లేదు."

"తిన్నాను బావా, ఒట్టు!"

"తిన్లేదన్నాను కదా! రేపు పొద్దున్న పెద్ద లోడుంది. ఇప్పుడొప్పీసుకుంటే రేపు ఏటి మాటాడుకుంటాం?"

కళ్ళు తుడుచుకుని కాసేపు ఆలోచించాడు.

"ఐతే నాను తిన్లేదు," అన్నాడు.

"దొంగ సచ్చినోడా," అన్నాను.