ఛీ అత్త పిల్లల గది

ఆవిడకు కన్నవాళ్లు పెట్టిన పేరు ఒకటుంది, లైబ్రరీలో ఉద్యోగపు హోదా ఒకటుంది. పిల్లలకు మాత్రం ఆవిడ ఛీ అత్త. ఎదురుగా ఉన్నప్పుడు ఒట్టి అత్త, వీపు తిప్పగానే ఛీ అత్త. ఆ సంగతి ఆవిడకు తెలియకపోలేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆవిడ నోట ఎక్కువసార్లు వచ్చే మాట అదే అయినప్పుడు, వాళ్లు మాత్రం ఇంకేం పేరు పెడతారు పాపం.

ఆవిడకు అసహ్యం పుట్టించని వస్తువు ఈ లోకంలో తక్కువ. బస్సెక్కితే కడ్డీకి రుమాలు చుట్టి పట్టుకుంటుంది. ఎవరైనా పెన్నిస్తే తీసుకోదు, మూత కొరికి ఉంటారని. పెళ్లైన కొత్తలో స్నానం చేసి వచ్చిన మొగుణ్ణే "ఇంకోసారి కాళ్లు కడుక్కురండి" అన్న మనిషి. ఆయన మంచివాడు కాబట్టి కడుక్కున్నాడు, ఇప్పటికీ కడుక్కుంటూనే ఉన్నాడు. వాళ్లకు పిల్లల్లేరు. "దేవుడికి ఆవిడ సంగతి ముందే తెలుసు" అని తోడికోడలు నలుగురిలో అనేది. అలాంటి మనిషిని ఏరికోరి తీసుకొచ్చి లైబ్రరీలో పిల్లల గది అప్పగించారు.

పిల్లలు పుస్తకం ఎలా చదువుతారో దగ్గరుండి చూసినవాళ్లకే తెలుస్తుంది. వేలు నాలుక మీద రుద్ది పేజీ తిప్పుతారు. ముక్కు చీదిన చెయ్యి ఎక్కడ తుడుచుకోవాలో తోచక అట్టకు తుడుస్తారు. పేజీల మధ్య బిస్కెట్ల పొడి చేరుతుంది, పొడి వెనకే చీమలు చేరతాయి. ఎక్కడిదాకా చదివారో గుర్తుండటానికి ఒకడు కోడి ఈక పెట్టాడు. ఇంకొకడు ఊడిన పాలపన్ను పెట్టాడు. ఆ పన్ను బయటపడిన రోజు ఆవిడ మధ్యాహ్నం అన్నం డబ్బా మూత కూడా తీయలేదు.

అయినా ఆవిడ ఏనాడూ బదిలీ అడగలేదు. వీటన్నిటికంటే ఆవిడకు కడుపులో తిప్పే విషయం ఇంకొకటుంది. అది వేసవి సెలవులు. ఏడాదంతా టీచర్లు గొంతు చించుకుని నేర్పిన చదువు, బడి మళ్లీ తెరిచేసరికి సగానికి సగం హుళక్కి అయిపోతుంది. పెద్దవాళ్లు పొద్దున్నే పిల్లల చేతిలో ఫోన్ పెట్టి తమ పని తాము చూసుకుంటారు. పిల్లలు గోడకు చేరగిలబడి, నోరు తెరుచుకుని, చొంగ కారుతున్నా తెలియకుండా దాంట్లోకి చూస్తూ కూర్చుంటారు. ఆ ముఖాలు చూస్తే ఆవిడకు వాంతి వచ్చినంత పనయ్యేది.

"చీమిడి ముక్కుతో పుస్తకం పట్టుకున్నవాణ్ణయినా భరిస్తాను గానీ, ఫోన్ ముందు నోరు తెరిచినవాణ్ణి భరించలేనయ్యా" అనేది అటెండరుతో.

అటెండరు రిటైర్మెంటుకు దగ్గర పడ్డ మనిషి, దేనికీ తొణకడు. "మీరు భరించగలిగిన మనిషెవరో ఒక్కరి పేరు చెప్పండి మేడం, వెళ్లి చూసొస్తాను" అనేవాడు.

అందుకని ఆవిడ సెలవులన్నాళ్లూ మధ్యాహ్నం పూట పిల్లల గదిలో కథ చదివేది. చదవడం కూడా అలా ఇలా కాదు. గొంతు మార్చి, కళ్లు పెద్దవి చేసి, పిల్లలు ఊపిరి బిగబట్టేదాకా తీసుకెళ్లేది. దొంగ గడియ మీద చెయ్యి వేసిన చోట, సగం బావిలో తాడు తెగిన చోట టక్కున ఆపేసి, పుస్తకం బల్ల మీద పెట్టి లేచిపోయేది. "మిగతాది కావలసినవాళ్లు మీరే చదువుకోండి." పిల్లలు కాళ్లావేళ్లా పడ్డా లాభం లేదు. లోలోపల తిట్టుకుంటూ వాళ్లే పుస్తకం మీద పడేవాళ్లు. చదవడం వచ్చినవాడు ఆ పూటకి రాజు, రానివాళ్లు వాడి భుజాల మీదికి ఎగబడి అక్షరాలు కూడబలుక్కునేవాళ్లు. ఆవిడ దూరం నుంచి ఆ ఎంగిలి వేళ్లు చూసి ఛీ అనుకునేదే గానీ, వాళ్లను లేపేది కాదు.

ఈ వేసవిలో కొత్తగా వచ్చిన పిల్ల ఒకతి ఉంది. లైబ్రరీకి ఎదురుగా ఉన్న సైకిల్ షాపు అతని కూతురు. కిందటి సెలవుల్లో చదివినదంతా మర్చిపోయి బడికి పోతే, మళ్లీ అదే తరగతిలో కూర్చోబెట్టారు. ఈసారీ అలాగే అయితే మాన్పించేస్తానని తండ్రి చెప్పేశాడు. అతను చెడ్డవాడేం కాదు. "చదువు ఎక్కకపోతే ఏం చేస్తాం మేడం, షాపులో కూర్చుంటుంది. పని మాత్రం బాగా చేస్తుంది" అన్నాడు, అదేదో ఆవిడకు శుభవార్త అయినట్టు.

పిల్ల పొద్దుటంతా పంక్చర్లు అతికి, చెయిన్లు ఎక్కించి వచ్చేది. చేతులు నల్లగా గ్రీజుతో మెరిసేవి. మొదటి రోజు ఆ చేతులు పుస్తకం వైపు పోతుంటే ఆవిడ ప్రాణం పోయినంత పనైంది. సబ్బిచ్చి కుళాయి దగ్గరికి పంపింది. తిరిగొచ్చాక చూస్తే నలుపు గోళ్ల సందుల్లో, వేళ్ల గీతల్లో అలాగే ఉంది.

"ఇది పోదత్తా. మా నాన్నకి కూడా పోదు" అంది పిల్ల.

"ఛీ" అంది ఆవిడ. అని, దారి తప్పిన పడవ కథ ఒకటి ఉంటే, అది తీసి ఇచ్చింది.

పిల్ల లైను కింద బొటనవేలు పెట్టి జరుపుకుంటూ చదివేది. పేజీ అయ్యేసరికి కింద మూల నల్లటి మరక పడేది. మొదట్లో పేజీకి ఒక మధ్యాహ్నం పట్టింది. తర్వాత్తర్వాత ఒక మధ్యాహ్నానికి నాలుగైదు పేజీలు నడిచాయి. ఒకరోజు చదువుతూ చదువుతూ తనలో తనే నవ్వుకుంది కూడా. ఆవిడ మెచ్చుకోలుగా ఒక్క మాట అనలేదు, అది ఆవిడ వంట్లోనే లేదు. సాయంత్రం పిల్ల వెళ్లాక రుమాలుతో ఆ పుస్తకం పట్టుకుని తెరిచేది, కొత్త మరక ఏ పేజీ దాకా వచ్చిందో చూసేది, ఛీ అనుకుని, పిల్లకు సులువుగా అందే అరలోనే పెట్టేది.

సెలవులు అయిపోవస్తుండగా అటెండరు ఒక కబురు మోసుకొచ్చాడు. పైఅధికారి తనిఖీకి వస్తున్నాడు. ఆఫీసులో పాత బీరువాలు పెట్టడానికి చోటు చాలక, వాడకం లేని గదుల కోసం వెతుకుతున్నాడట. పిల్లల గది మీద కన్నుందట.

భయం వేసినప్పుడు మనిషి తనకు బాగా వచ్చిన పనే చేస్తాడు. ఆవిడకు బాగా వచ్చింది కడగడం. గదంతా ఫినాయిలు పోసి కడిగించింది. మరకలు పడ్డవి, అట్టలు ఊడినవి, మూలలు నలిగినవి, అంటే పిల్లలు చదివిన పుస్తకాలన్నీ ఏరి గోనెసంచిలో కుక్కి వెనక గదిలోకి తోసేసింది. బీరువాలో తళతళలాడుతున్న కొత్తవి తీసి, అరల్లో బారుగా పేర్చింది. తనిఖీ అయ్యేదాకా ఒక్కళ్లు కూడా ఇటు రావద్దని పిల్లల్ని తరిమేసింది.

సైకిల్ షాపు పిల్ల ఒక్కతే గడప దగ్గర నిలబడిపోయింది. "నాకింకా కాసిని పేజీలున్నాయత్తా."

"అది లోపల పెట్టేశాను. తర్వాత చూద్దాం."

"ఇంటికి తీసుకుపోనా?"

"ఆ చేతులతోనా? ఛీ."

పిల్ల ఒకసారి తన చేతులు చూసుకుంది. వాటిని వీపు వెనక్కి పెట్టుకుని వెళ్లిపోయింది.

అటెండరు చీపురు పక్కన పెట్టి, "మేడం, పెళ్లిచూపులకు వస్తున్నారని పిల్లను దాచేసినట్టుంది మన పని" అన్నాడు. ఆవిడ అతని మీద కస్సుమంది. నువ్వు ఊడ్చిన మూలల్లో ఇంకా దుమ్ముందని చూపించింది.

అధికారి వచ్చాడు. ఫినాయిలు వాసనకు ముక్కు దగ్గర చేతిరుమాలు పెట్టుకున్నాడు. అరలోంచి ఒక పుస్తకం తీశాడు. పేజీలు ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. ఇంకోటి తీశాడు, అదీ అంతే.

"పిల్లలు వస్తారా ఇక్కడికి?"

"రోజూ వస్తారు సార్."

"ఏరీ?"

పొద్దున్నే వీధి చివరిదాకా వెళ్లి మరీ రావద్దని హెచ్చరించి వచ్చింది తనే.

"చూడండమ్మా, ఈ పుస్తకాలు ప్రెస్సులోంచి ఇప్పుడే వచ్చినట్టున్నాయి. ఎవరూ ముట్టుకోని వాటికి ఒక గది, ఒక ఫ్యాను, ఒక మనిషి. రేపు బీరువాలు వస్తాయి, ఖాళీ చేయించండి."

తన చేతులతో తనే చేసుకుంది. శుభ్రం శుభ్రం అంటూ ఆ గదిలో పిల్లలు తిరిగిన ఆనవాలు కూడా లేకుండా తుడిచిపెట్టింది. ఫినాయిలు వాసన వేస్తున్న ఆ చేతులు చూసుకుంటే, ఎన్నడూ లేనిది ఆవిడకు తన మీద తనకే రోత పుట్టింది. గబగబా వెనక గదిలోకి పోయి గోనెసంచి ఈడ్చుకొచ్చింది. అద్దంలా తుడిచిన బల్ల మీద గుమ్మరించింది. రుమాలు ఎక్కడుందో కూడా చూసుకోకుండా, ఒట్టి చేతులతో ఒక్కొక్కటీ తీసి చూపించడం మొదలుపెట్టింది.

"చూడండి సార్. ఇది చీమిడి. ఇది నూనె. ఇదేమిటో నాకూ తెలీదు, తెలుసుకోవాలని కూడా లేదు. ఈ పుస్తకం నలుగురు పిల్లలు తలో వైపు లాగితే చిరిగింది, తర్వాత ఏమైందో ముందు నేను చదవాలంటే నేను చదవాలని. ఇదిగో, ఈ నల్లమరకలు సైకిల్ షాపు పిల్లవి. ఇక్కడ మొదలుపెట్టినప్పుడు అక్షరం అక్షరం కూడబలుక్కునేది. ఇక్కడిదాకా వచ్చేసింది. ఇక్కణ్ణుంచి తెల్లగా ఉన్నాయి చూడండి, అవే మిగిలినవి. అవి కూడా అయితే ఆ పిల్ల బడికి పోతుంది. లేకపోతే షాపులో కూర్చుంటుంది."

అధికారి రెండడుగులు వెనక్కి వేశాడు. "ఛీ" అన్నాడు. "ప్రభుత్వ ఆస్తిని ఇలాగేనా ఉంచేది? ఇవన్నీ లెక్కలోంచి తీసేసి పాత కాగితాలవాడికి ఇచ్చేయండి."

ఆ మాట ఇన్నేళ్లూ ఆవిడ అనడమే గానీ, ఎదుటివాళ్ల నోటి నుంచి తన ముఖాన పడటం ఇదే మొదటిసారి. అది ఎక్కడ తగులుతుందో తెలిసొచ్చింది. పిల్ల చేతులు వీపు వెనక్కి ఎందుకు పోయాయో కూడా తెలిసొచ్చింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అయింది ఆవిడ బతుకు. శుభ్రంగా ఉంటే ఎవరూ చదవలేదంటాడు, చదివితే శుభ్రంగా లేదంటాడు. ఇలాంటి మనిషితో ఇంకేం మాట్లాడతాం. ఆవిడ పడవ కథ పుస్తకం తీసుకుని, ఆయన పూర్తి చేయని వాక్యం మధ్యలోంచే బయటికి నడిచింది.

రోడ్డు దాటి సైకిల్ షాపు ముందు నిలబడింది. పిల్ల పంపుతో గాలి కొడుతోంది.

"రావే, నీ పుస్తకం మిగిలింది."

"చేతులు బాలేవత్తా."

"నాకు కళ్లు బాగానే ఉన్నాయి. కనిపిస్తున్నాయి. రా."

తండ్రి చక్రం పక్కన పెట్టి లేచాడు. "షాపులో పనుంది మేడం. ఇద్దరు కస్టమర్లు..."

"మీ పని మీరు చూసుకోండి. బడి తెరిచేదాకా మధ్యాహ్నాలు ఈ పిల్ల నాది" అంది ఆవిడ. ఆ ముఖం చూసి అతను మళ్లీ చక్రం ముందేసుకుని కూర్చున్నాడు.

పిల్లల గదిలో అధికారి డ్రైవరు చేత టేపు పట్టించి గోడలు కొలిపిస్తున్నాడు. వేరే చోటు లేదు, ఉన్నవి లైబ్రరీ ముందు మెట్లు. వచ్చేపోయేవాళ్లు ఉమ్మిన మరకలు గోడ పొడుగునా ఉన్నాయి. పై మెట్టు మీద తెగిన చెప్పు ఒకటి, దాని పక్కన పొద్దుటిదాకా కుక్క పడుకున్న చోటు. ఆ మెట్లెక్కేటప్పుడు చీర అంచు తగలకుండా పైకెత్తి పట్టుకునే మనిషి, ఇప్పుడు వాటి మీద కూర్చుంది. కింద ఏముందో చూస్తే కూర్చోలేనని చూడకుండా కూర్చుంది. పిల్ల పక్కన కూర్చుని, తెల్లపేజీ తెరిచి మొదలుపెట్టింది. వీధిలోని పిల్లలు ఒకరి వెనక ఒకరు వచ్చి చేరారు. అటెండరు కూడా గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

కాసేపటికి అధికారి బయటికి వచ్చాడు. మెట్ల నిండా పిల్లలు. "కొంచెం దారి ఇవ్వండి" అన్నాడు.

"పేజీ అవనివ్వండి సార్" అంది ఆవిడ, తల తిప్పకుండా.

ఆయన కాసేపు నిలబడ్డాడు. ఆ పేజీ తొందరగా అయ్యేలా లేదు. చివరికి ప్యాంటు పైకెత్తి పట్టుకుని, ఉమ్మి మరకల గోడను రాసుకుంటూ దిగి, కారెక్కి వెళ్లిపోయాడు. ఆయన కోటు భుజానికి అంటినదేమిటో అటెండరు చూశాడు, చెప్పలేదు.

పడవ గట్టుకు దగ్గరవుతోంది. పిల్ల చదవడంలో పడిపోయి, ఊతం కోసం ఎడమ చెయ్యి తెచ్చి ఆవిడ మోకాలి మీద పెట్టింది. గంజి పెట్టిన తెల్లచీర మీద గ్రీజు మెల్లగా పాకడం ఆవిడ చూసింది. ఒళ్లంతా గగుర్పొడిచింది. చెయ్యి తియ్యవే అందామని నోరు తెరిచింది. పిల్ల సరిగ్గా అప్పుడే ఒక పెద్ద మాట దగ్గర ఆగి, దాన్ని ముక్కలు ముక్కలుగా కూడబలుక్కుంటోంది. ఆవిడ నోరు మూసుకుని, మోకాలు కదలకుండా అలాగే పెట్టుకుంది.