వియ్యాలవారికి కుళ్లిన రసాలు

కోవిడ్ తగ్గిన తరువాతి వేసవిలో నన్ను నూజివీడు వైపు ఒక సర్కారు ఆసుపత్రికి వారానికొక రోజు డెప్యుటేషన్ మీద వేశారు. హోదా సివిల్ సర్జన్, శాఖ మానసిక వైద్యం, గది పాత ఎక్స్‌రే ఫిల్ములు పడేసే కొట్టు. పిచ్చి డాక్టరుకు కిటికీ ఎందుకనుకున్నారు కాబోలు.

అక్కడికి ముసునూరు నుంచి వెంకటరత్నాన్ని భార్య సుబ్బాయమ్మ తీసుకొచ్చింది. వరిగడ్డిలో మామిడికాయలు మాగవేసి అమ్మడం ఆయన వృత్తి. తొడిమ దగ్గర వాసన చూసి కాయ పండిందో లేదో చెప్పేవాడు. నవ్వితే పన్ను కట్టాలన్నట్టుండే ఆ మనిషి ఏడాదిగా జోకులు మొదలుపెట్టాడు. ఊరంతా మురిసిపోయింది. సుబ్బాయమ్మకూ హాయిగానే ఉందట.

అలాంటిది, కూతురి అత్తవారికి ఏటా పంపే తొలి రసాల బుట్టలో సగం కుళ్లినవి పెట్టి పంపాడు. వియ్యపురాలు ఫోన్ చేస్తే పకపకా నవ్వి, "మీ మొహానికి ఇవే ఎక్కువ" అన్నాడు. వాళ్లు మర్నాడే కోడలిని తెచ్చి పుట్టింట్లో దించిపోయారు.

"పిచ్చని రాసివ్వండి డాక్టరుగారూ. కావాలని చెయ్యలేదని వాళ్లకి చూపిస్తాను. పిల్ల కాపురం నిలబడుద్ది" అని ఆమె పట్టుబట్టింది.

చూడబోతే ఉన్మాదంలాగే ఉంది. కానీ ఈయనలా యాభై దాటాక తొలిసారి వచ్చే ఉన్మాదాన్ని మా శాఖలో అంత తేలిగ్గా నమ్మం. పైగా జోకుల కన్నా నాకు ఆ కుళ్లిన పళ్లే అడ్డం పడ్డాయి. ఆయన్నే అడిగాను.

"బాగానే ఉన్నాయండీ. నాలుగు తిని మరీ పంపా" అన్నాడు.

కళ్లు మూయించి, ముక్కు ఒక్కో రంధ్రం దగ్గర కాఫీపొడి పెట్టాను. "ఏంటండీ, మీ వేళ్లు వాసన చూడమంటారా?" అన్నాడు. కాఫీ వాసనే అందలేదన్నమాట. పరికరంతో కంటి లోపల చూస్తే నరం ఉబ్బి ఉంది. అంటే తలలో ఒత్తిడి పెరిగినట్టు. స్కాన్‌లో ముక్కుకు పైన, ముందు మెదడు కింద, కోడిగుడ్డంత గడ్డ కనిపించింది. ఏ మాట నోరు దాటకూడదో చూసుకునేది ఆ మెదడే. వాసన నరం దాని కిందనే పోతుంది. కేన్సర్ కాదు గానీ, పిచ్చని రాసిచ్చి పంపేస్తే ముందు చూపు, ఆ పైన ప్రాణం పోయేవి. విజయవాడలో న్యూరోసర్జన్ గడ్డ తీసేశాడు.

కొన్నాళ్లకు సుబ్బాయమ్మ వచ్చింది. "మళ్లీ కసురుతున్నాడండీ! కూర్చుంటే తప్పు, నిలబడితే తప్పు" అంటూ సంతోషంతో ఏడ్చేసింది. వియ్యపురాలు స్వయంగా చూడవచ్చి, ఆయన పలకరించను కూడా పలకరించకపోయేసరికి మనసు కుదుటపడి, కోడలిని వెంటబెట్టుకుని వెళ్లిందట. వాసన మాత్రం తిరిగి రాలేదు. ఇప్పుడు పళ్లు ఆవిడ చూస్తుంది, తప్పులు ఆయన పట్టుకుంటాడు.

మనిషి తీరు మారితే, మనసుకు జబ్బు పేరు పెట్టేముందు ముక్కూ కళ్లూ పరీక్షించాలి. అయితే మారిన తీరు నలుగురికీ నచ్చితే మాత్రం, ఆ మనిషిని ఎవరూ ఆసుపత్రికి తీసుకురారు.