తెల్లదుప్పటి కప్పిన పెద్ద ఫిడేలు

నిన్న చంద్రగిరి దగ్గర ఒక లగేజీ ఆటోలో ఏదో పొడుగాటి సామానుకు తెల్లదుప్పటి కప్పి తీసుకుపోతుంటే, మా బస్సులో ఒక పెద్దాయన చూసి చేతులు జోడించాడు. అంతలో గాలికి దుప్పటి లేచింది. చూస్తే లోపల ప్లాస్టిక్ పైపులు. బస్సంతా నవ్వింది. నేను మాత్రం తల దించుకున్నాను.

ఐరాలలో మా అమ్మ తమ్ముడు, అంటే మా మామ, చర్చి పాటల వెనక డబుల్ బేస్ వాయించేవాడు. అది మనిషికన్నా ఎత్తుండే ఫిడేలు, నిలబడి వాటేసుకుని వాయించాలి. ఎప్పుడో దొరలు వదిలివెళ్లిందట. దాంట్లోంచి దుం, దుం తప్ప ఇంకేమీ రాదని చిన్నప్పుడు మేమంతా ఎగతాళి చేసేవాళ్లం. పెద్దయ్యాక నేను ఎగతాళి మాని సిగ్గుపడటం మొదలుపెట్టాను. మా అమ్మాయి పెళ్లిలో వాయిస్తానని మామ ముచ్చటపడితే, వియ్యాలవారి ముందు నవ్వులపాలవుతామని వద్దన్నాను. సరేలేరా అని ఆయన భోజనాల దగ్గర వడ్డనకు నిలబడ్డాడు.

తర్వాత చికున్‌గున్యా వచ్చి మామ వేళ్లు బిగుసుకుపోయాయి. ఆ వేసవి మొదట్లోనే ఫిడేలు పైచెక్క పగిలింది, లోపల నిలబెట్టిన కర్ర పడిపోయి గిలక్కాయలా లొడలొడలాడసాగింది. "ఈస్టరుకు ఒక్క పాటన్నా వాయించాలరా. ఈ వేళ్లు ఇంకెన్నాళ్లు ఆడతాయో యాడ తెలుసు" అన్నాడు మామ. ఆయన ఏదన్నా అడగడమే అరుదు. తిరుపతిలో వీణలూ వయొలిన్లూ బాగుచేసే ఒకాయనకు ఇచ్చాను. ఆయన పగులు అతికించి, వంకర కమ్మీతో పైచెక్కకున్న సందులోంచి ఆ కర్రను లోపల మళ్లీ నిలబెట్టాడు. దానికి జిగురు పెట్టరట, తీగల బిగువుకే నిలబడుతుందట. మామ చేత వీడియో కాల్లో వేళ్లు ముడిపించి, తెరిపించి చూశాడు. ఆ వేళ్ల బలానికి తగ్గట్టు తీగలను ఎత్తిపట్టే చెక్క బ్రిడ్జిని అరగదీసి తీగలు కిందికి దించాడు. దుమ్ము పడకూడదని తెల్లదుప్పటి చుట్టి, తాళ్లతో కట్టి, లగేజీ ఆటోలో పడుకోబెట్టాడు. నేను పక్కనే కూర్చున్నాను. దారిపొడుగునా జనం తప్పుకుని దారిస్తుంటే మొదట నాకూ అర్థం కాలేదు.

ఒకచోట ఆటో ఆగింది. పక్కన కారులో మా వియ్యంకుడు. గబగబా దిగి వచ్చాడు.

"అయ్యో, ఎవురు బావా?"

ఫిడేలు అంటే సరిపోయేది. పెళ్లిలో వద్దన్నదాన్నే మోసుకుపోతున్నానని ఆయనతో చెప్పడానికి సిగ్గేసింది.

"మా మామ" అన్నాను.

ఆయన చెప్పులు విడిచి దండం పెట్టాడు. ఆ రాత్రి నిజం చెబుదామని ఫోను తీసి, మళ్లీ కింద పెట్టేశాను.

మర్నాడు పొద్దున మామ ఫిడేలును వాటేసుకుని తీగ నొక్కాడు. వేలికి తీగ లొంగింది. ఆ మోతకు వంటింట్లో అత్త బోర్లించిన గ్లాసులు కూడా సన్నగా మోగాయి. "పలికిందిరా!" అన్నాడు, కళ్లనిండా నీళ్లు. సరిగ్గా అప్పుడే గుమ్మంలో వియ్యంకుడు, చేతిలో గులాబీల దండ.

మామ దండను చూశాడు, నన్ను చూశాడు. నా ముఖం చూశాక సంగతి పట్టేశాడు. "ఫిడేలు బాగయిందని తెచ్చినారా అబ్బా? ఇట్లియ్యండి" అని దండ అందుకుని, దాని మెడలో వేశాడు. పెళ్లినాడు నేను ఆయన పరువు కాయలేదు. ఆయన మాత్రం నా పరువు కాచాడు. భూమి నోరు తెరిస్తే బాగుండుననిపించింది.

వియ్యంకుడికి ఏమీ పాలుపోలేదు. చావింటికని మనసులో పెట్టుకుని వచ్చిన మనిషి, ఆ అలవాటు చొప్పునే పోయొస్తానని చెప్పకుండా మెట్లు దిగబోయాడు. మామ వెనకనుంచి కేకేశాడు: "అబ్బా, పోయొస్తానని చెప్పి పోండి. ఈడ ఎవురూ పోలేదు!"

ఈస్టరుకు మామ ఒకటి కాదు, అన్ని పాటలకూ వాయించాడు. మరుసటి ఏడు నిజంగానే పోయాడు. వియ్యంకుడు మళ్లీ గులాబీల దండ తెచ్చాడు, చెప్పకుండా మెట్లు దిగి వెళ్లాడు. వెనకనుంచి కేకేసేవాళ్లు ఎవరూ లేరు. నేనాడిన అబద్ధాన్ని కాలం ఏడాదిలో నిజం చేసింది, నా సిగ్గును మాత్రం ఇన్నేళ్లయినా పాతబడనివ్వలేదు.